కాలి నొప్పి ప్రతిదీ నరమేనా? – పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

కాళ్లలో రక్తప్రసరణ గురించి ఈసారి వచ్చిన ఉత్తరాలను వరుసగా పెట్టుకుని చదువుతుంటే ఒక మాట పదే పదే కనిపించింది. నడిస్తే పిక్క పట్టేసినవారు "నరాల బలహీనత" అని రాశారు, అరికాళ్లు మండుతున్నవారూ అదే రాశారు, పిక్కల మీద నీలిరంగు తాళ్లలా ఉబ్బినవారు కూడా "నరాలు ఉబ్బాయి" అనే రాశారు. స్పర్శను మోసేదీ, రక్తాన్ని కిందికి తెచ్చేదీ, దాన్ని తిరిగి పైకి తీసుకుపోయేదీ మన వాడుకలో నరమే కావడంతో మూడు వేర్వేరు జబ్బులు ఒకే పేరు కిందికి చేరి, చాలామందికి ఒకే ఇంజెక్షన్‌తో సరిపెట్టడం జరుగుతోంది. అందుకని ఈ జవాబుల వరకు స్పర్శను, కదలికను నడిపేవాటిని మాత్రమే నరాలు అంటాను. గుండె నుంచి రక్తం తెచ్చే గొట్టాలు ధమనులు, తిరిగి గుండెకు చేర్చేవి సిరలు.

ప్రశ్న: నా వయసు 61 ఏళ్లు. ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. పద్నాలుగేళ్లుగా షుగరు ఉంది. రోజుకు పది సిగరెట్లు కాల్చేవాణ్ణి, ఐదేళ్ల క్రితం మానేశాను. ఏడాదిగా పొద్దున్నే నడకకు వెళితే మా వీధి చివర పాలకేంద్రం దగ్గరికి వచ్చేసరికి కుడి పిక్క రాయిలా పట్టేస్తోంది. రెండు నిమిషాలు నిలబడితే ఏమీ లేనట్టే పోతుంది. మళ్లీ అంతే దూరం నడిస్తే మళ్లీ పట్టేస్తుంది. నరాల బలహీనత అని చాలా బి12 ఇంజెక్షన్లు ఇచ్చారు. నడుముకు ఎమ్మారై తీసి డిస్కు కొద్దిగా జరిగిందన్నారు. గుణం కనిపించలేదు. నడక మానేయమంటారా? – ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇచ్చిన మాట పాలకేంద్రం. నొప్పి ప్రతిరోజూ దాదాపు ఒకే దూరానికి రావడం, కూర్చోకుండా ఊరికే నిలబడినా రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోవడం, మళ్లీ అంతే దూరానికి తిరిగి రావడం – ఈ మూడూ కలిస్తే మొదట అనుమానించవలసింది కాలి ధమని సన్నబడటాన్ని. వైద్యులు దీనిని క్లాడికేషన్ అంటారు. కుంటడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిన పేరిది. దీనిని మొదట గుర్తించింది మనుషుల్లో కాదు, గుర్రంలో. 1831లో ఫ్రాన్సుకు చెందిన బూలే అనే పశువైద్యుడు, కొంతసేపు పరుగెత్తగానే వెనక కాళ్లు ఈడ్చుతూ ఆగిపోయి, కాసేపు నిలబడితే మామూలైపోయే ఒక గుర్రాన్ని పరిశీలించి, ధమని పూడుకుపోవడమే దానికి కారణమని రాశాడు. మనుషుల్లో ఇదే లక్షణాన్ని 1858లో షార్కో అనే ఫ్రెంచి వైద్యుడు వివరించాడు. ఆ గుర్రానికి పట్టిన జబ్బుకే మీకు ఇంజెక్షన్లు పొడిచి ఉంటారని నా అనుమానం.

జరిగేది ఇది. గుండె ధమనుల్లో పేరుకునే కొవ్వు, సున్నమే కాళ్ల ధమనుల్లోనూ పేరుకుంటుంది. షుగరు, పొగాకు, రక్తపోటు, కొలెస్ట్రాల్, వయసు దానిని ముందుకు తోస్తాయి. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు పిక్క కండరానికి కావలసిన రక్తం చాలా తక్కువ కాబట్టి సన్నబడిన దారి కూడా సరిపోతుంది. నడక మొదలుకాగానే అదే కండరం ఎన్నో రెట్లు ఎక్కువ రక్తం అడుగుతుంది, దారి అంత ఇవ్వలేదు, ప్రాణవాయువు చాలని కండరం నొప్పితో కేకపెడుతుంది. మీరు ఆగితే అవసరం పడిపోతుంది, నొప్పీ పోతుంది. తొడ కింది భాగంలో ధమని సన్నబడితే పిక్కలోను, అంతకు పైన, పొత్తికడుపులోని పెద్ద ధమనులు సన్నబడితే తొడలోను పిరుదులోను నొప్పి వస్తుంది. కాబట్టి నొప్పి చోటును బట్టి అడ్డు దానికంటే ఒక మెట్టు పైన ఉందని ఊహించవచ్చు. పిరుదుల నొప్పి ఉన్న మగవారిలో అంగస్తంభన లోపం కూడా అదే కారణంతో రావచ్చు. సిగ్గుపడి ఎవరూ చెప్పరు, డాక్టరుకు చెప్పడం మంచిది.

ఇక డిస్కు సంగతి. అరవై దాటినవారి నడుముకు ఎమ్మారై తీస్తే ఏదో ఒక డిస్కు జరిగినట్టు కనబడటం మామూలే. అది కనబడిందన్న కారణంతోనే నొప్పికి అదే మూలమని తేల్చకూడదు. వెన్నుపూసల మధ్య దారి ఇరుకైనా నడిచేటప్పుడు కాళ్లు లాగుతాయి కానీ ఆ నొప్పి ఊరికే నిలబడితే తగ్గదు, కూర్చోవాలి లేదా ముందుకు వంగాలి. అలాంటివారు సైకిలు హాయిగా తొక్కుతారు, ముందుకు వంగి తోపుడు బండి తోసుకుంటూ ఎంత దూరమైనా పోతారు. వారికి నొప్పి వచ్చే దూరం కూడా ఒక రోజున్నట్టు ఇంకో రోజు ఉండదు. మీది అలా లేదు.

మీరిప్పుడు చేయవలసింది డాక్టరు దగ్గరికి వెళ్లి చెప్పులు విప్పి కూర్చోవడం. వింతగా అనిపించవచ్చు కానీ, మీకు వైద్యం చేసినవారిలో ఎంతమంది మీ పాదం మీద వేలు పెట్టి నాడి చూశారో గుర్తు చేసుకోండి. పాదం పైభాగంలో బొటనవేలి స్నాయువు పక్కన ఒకటి, లోపలి చీలమండ ఎముక వెనక ఇంకొకటి, మోకాలి వెనక, గజ్జలో ఒక్కొక్కటి చొప్పున నాడి తగలాలి. పాదం మీది నాడి కొద్దిమంది ఆరోగ్యవంతులకు పుట్టుకతోనే తగలదు కాబట్టి అది ఒక్కటే చూసి భయపడనక్కరలేదు. ఆ తర్వాత చేసే పరీక్ష పేరు ఏంకిల్ బ్రేకియల్ ఇండెక్స్, క్లుప్తంగా ఏబీఐ. పడుకోబెట్టి చేతి రక్తపోటును, చీలమండ దగ్గరి రక్తపోటును డాప్లర్ పెన్సిల్‌తో (ధ్వని తరంగాలతో రక్తప్రవాహాన్ని పసిగట్టే చిన్న పరికరంతో) కొలిచి, చీలమండ అంకెను చేతి అంకెతో భాగిస్తారు. చేతిలో 140, చీలమండలో 98 ఉంటే 0.70 వస్తుంది. 1.0 నుంచి 1.4 వరకు మామూలు. 0.90 గాని అంతకు తక్కువ గాని వస్తే ధమని జబ్బు ఉన్నట్టే. సూది లేదు, మందు ఎక్కించేది లేదు, పావుగంటలో అయిపోయే పని. ఎమ్మారై కంటే ముందు ఇది జరగవలసింది.

నడక మానేయాలా అని అడిగారు. మీ విషయంలో నడకే ప్రధాన వైద్యం, అయితే దానికి ఒక పద్ధతి ఉంది. మూడు నుంచి ఐదు నిమిషాల్లో నొప్పి మొదలయ్యేంత వేగంతో నడవండి. నొప్పి రాగానే ఆగకుండా ఇంకొంచెం, అంటే గట్టిగా ఇబ్బంది పెట్టేదాకా నడిచి, అప్పుడు నిలబడండి. పూర్తిగా పోయాక మళ్లీ మొదలుపెట్టండి. ఇలా ఆగుతూ నడుస్తూ మొత్తం అరగంట నుంచి ముప్పావుగంట, వారానికి కనీసం మూడు రోజులు, పన్నెండు వారాలపాటు చేస్తే నొప్పి లేకుండా నడవగల దూరం చాలామందిలో గణనీయంగా పెరుగుతుంది. అడ్డు కరిగిపోయి కాదు, అందిన కొద్దిపాటి రక్తాన్ని పొదుపుగా వాడుకోవడం కండరం నేర్చుకుంటుంది కాబట్టి. గుండె జబ్బు ఉందేమో ముందు చూపించుకుని, పాదాలకు పుండ్లు లేవని నిర్ధారించుకుని మొదలుపెట్టండి. పాలకేంద్రం దాటి ఎన్ని ఇళ్లు ముందుకు వెళ్లారో నెలకోసారి ఒక పుస్తకంలో రాసుకుంటే మీకు, మీ డాక్టరుకు అంతకు మించిన రిపోర్టు ఉండదు.

బి12 గురించి ఒక్క మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 నిజంగానే తగ్గవచ్చు. రక్తపరీక్షలో తగ్గినట్టు తేలితే ఇంజెక్షను అవసరమే. పిక్క పట్టేయడానికి మాత్రం అది మందు కాదు.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డు ఊరు. అమ్మకు 66 ఏళ్లు, షుగరు ఉంది. చిన్నప్పటి నుంచి అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటు. రెండు నెలలుగా రాత్రి పడుకున్న గంటకే లేచి, ఎడమ కాలు మంచం కిందికి వేలాడేసుకుని కూర్చుంటోంది. అలా అయితేనే నొప్పి తగ్గుతుందంటుంది. గోరు తీసుకున్నప్పుడు చిటికెన వేలికి తెగిన చిన్న గాయం ఐదు వారాలైనా మానలేదు, వేలి కొస నల్లబడింది. పసుపు పెట్టి, రోజూ వేడినీళ్లలో కాలు ముంచుతున్నాం. పాదం కూడా వాచింది. ఆసుపత్రికి తీసుకెళితే కాలు తీసేస్తారని ఏడుస్తోంది. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మగారిని ఈ వారంలోనే రక్తనాళాల శస్త్రవైద్యుడికి, అంటే వ్యాస్కులర్ సర్జన్‌కు చూపించండి. పుండు నుంచి చీము, దుర్వాసన, పాదం మీదికి పాకుతున్న ఎరుపు, జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

కాలు మంచం కిందికి వేలాడేస్తే నొప్పి తగ్గుతుందన్న ఒక్క మాటతో ఆవిడ తన జబ్బేమిటో స్వయంగా చెప్పేశారు. పడుకున్నప్పుడు రక్తపోటు కొంత తగ్గుతుంది, పైగా రక్తాన్ని కిందికి లాగే భూమ్యాకర్షణ సాయం కూడా ఉండదు. పాదానికి చేరే ఆ కాస్త రక్తమూ చేరదు. కాలు వేలాడేస్తే బరువుకు కొంత దిగి నొప్పి ఉపశమిస్తుంది. రాత్రంతా అలా కూర్చోవడం వల్లే పాదం వాస్తుంది, ఎర్రగా కూడా కనబడుతుంది. ఆ ఎరుపు చూసి రక్తం బాగానే వస్తోందని చాలామంది మోసపోతారు. పడుకోబెట్టి కాలు ఎత్తి పట్టుకుంటే నిమిషంలోపు అదే పాదం తెల్లగా పాలిపోతుంది. నడిచినప్పుడు మాత్రమే వచ్చే నొప్పి మొదటి దశ అయితే, విశ్రాంతిలో వచ్చే నొప్పి, మానని పుండు, నల్లబడిన వేలు చివరి దశలు. ఇక్కడ వారాలు లెక్కలోకి వస్తాయి.

వేడినీళ్లు ఈ రోజే ఆపండి. షుగరు వల్ల స్పర్శ తగ్గిన పాదానికి నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో తెలియదు, కాలితే ఆ బొబ్బ మానడానికి రక్తం లేదు. పొడిగా, నల్లగా ఉన్న వేలిని నానబెడితే అది తడిబారి కుళ్లు పైకి పాకుతుంది. దానిని పొడిగా ఉంచి, వేళ్ల మధ్య శుభ్రమైన గాజుగుడ్డ పెట్టి వదులుగా కప్పండి. పసుపు, బూడిద, ఆకుపసరు వద్దు. ఇంట్లో ఎవరూ ఆ నల్లటి చర్మాన్ని కత్తిరించే ప్రయత్నం చేయవద్దు. మడమ కూడా పరుపుకు ఆనకుండా పిక్క కింద మెత్త పెట్టండి.

ఆసుపత్రిలో మీరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "వేలు తీసేముందు, దానికి రక్తం వచ్చే దారి చూశారా?" దారి బాగు చేయకుండా వేలు మాత్రం తీస్తే ఆ కోత కూడా మానక, అక్కడి నుంచి పాదం, పాదం నుంచి మోకాలి కింద దాకా వెళ్లవలసి వచ్చిన సందర్భాలు నా పనిలో ఎన్నో చూశాను. కాలు తీస్తారన్న భయంతో ఆలస్యంగా రావడమే కాలు పోవడానికి కారణమవుతోంది. షుగరు ఉన్నవారి ధమనుల గోడల్లో సున్నం చేరి, రక్తపోటు కొలిచే పట్టీ బిగించినా అవి నొక్కుకుపోకపోవడం వల్ల ఏబీఐ 1.4 దాటి తప్పుగా ఎక్కువ చూపించవచ్చు. అప్పుడు కాలి వేలి దగ్గర రక్తపోటు కొలుస్తారు. వేలిలో 30 కంటే తక్కువ ఉంటే పుండు తనంతట తాను మానే అవకాశం తక్కువ. డాప్లర్ స్కాను, ఆ తర్వాత యాంజియోగ్రాము చేసి, వీలున్నచోట బెలూను యాంజియోప్లాస్టీ, వీలులేనిచోట కాలి సిరనే తీసి బైపాస్ చేస్తారు. యాంజియోగ్రాము మందు మూత్రపిండాల మీద భారం వేస్తుంది కాబట్టి క్రియాటినిన్ పరీక్ష ముందే చేయించుకుని వెళ్లడం మేలు. ఖర్చు గురించి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ముందే విచారించండి.

అమ్మగారికి ధైర్యం చెప్పడానికి ఒక నిజమైన సంగతి. అసలు బెలూను వైద్యానికి దారితీసిన మొదటి ప్రయత్నం గుండె మీద జరగలేదు, కాలి మీద జరిగింది. 1964 జనవరి 16న అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే వైద్యుడు, వేళ్లు కుళ్లి, కాలు తీయాలన్నా ససేమిరా ఒప్పుకోని 82 ఏళ్ల అవ్వకు తొడ ధమనిలోకి సన్నని గొట్టాలు పంపి దారి వెడల్పు చేశాడు. ఆమె ఆ తర్వాత రెండున్నరేళ్లు తన రెండు కాళ్ల మీదే నడిచింది.

అడ్డపొగ విషయం మాత్రం మెత్తగా చెప్పలేను. నిప్పు కొస నోట్లోకి పెట్టుకున్నా బయటకు పెట్టుకున్నా రక్తంలో చేరే నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఒకటే. మన తీరంలో ఆడవాళ్లు చుట్ట తాగుతారన్న సంగతి పట్నం డాక్టరుకు తట్టకపోవచ్చు, "పొగ తాగుతారా?" అని అడగకుండానే "లేదు" అని రాసుకోవచ్చు. మీరే చెప్పండి. ఆపరేషను చేసిన తర్వాత కూడా చుట్ట మానకపోతే తెరిచిన దారి మళ్లీ మూసుకుపోతుంది.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. జగిత్యాల దగ్గర ఆటో నడుపుతాను. షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ ఏవీ లేవు. రోజుకు రెండు కట్టల బీడీలు తాగుతాను. ఆరు నెలలుగా పాదంలో నొప్పి, చలికి వేళ్లు నీలంగా మారడం, ఇప్పుడు బొటనవేలికి పుండు. చేతి వేళ్లు కూడా చల్లబడుతున్నాయి. ఈ వయసులో ధమనులు మూసుకుపోతాయా? – ఒక పాఠకుడు

జవాబు: మూసుకుపోతాయి, దానికి పేరు కూడా ఉంది. వియన్నాలో వినివార్టర్ అనే వైద్యుడు 1879లోనే ఒక రోగిలో వర్ణించిన ఈ జబ్బును, 1908లో న్యూయార్క్‌లో లియో బ్యుర్గర్ తీసివేసిన కాళ్లను సూక్ష్మదర్శిని కింద పరిశీలించి వివరంగా రాయడంతో బ్యుర్గర్ జబ్బు అంటున్నాం. ఇది కొవ్వు పేరుకోవడం కాదు. పొగాకు వల్ల చేతుల, కాళ్ల కొసల్లోని చిన్న, మధ్యతరహా ధమనులు, సిరలు వాచి, లోపల రక్తం గడ్డకట్టి పూడుకుపోతాయి. సాధారణంగా 45, 50 ఏళ్ల లోపు పొగాకు వాడేవారిలోనే వస్తుంది. చేతి వేళ్లు కూడా చల్లబడటం, అప్పుడప్పుడు కాలి చర్మం కింద సిర ఎర్రగా తాడులా గట్టిపడి నొప్పెట్టడం దీని గుర్తులు. మీ లక్షణాలు దానితో చాలా దగ్గరగా ఉన్నాయి, అయితే పరీక్ష చేసి, ఇతర కారణాలు లేవని చూసి నిర్ధారించవలసింది డాక్టరే.

ఈ జబ్బులో వేళ్లు, కాళ్లు నిలబెట్టుకోవడానికి ఒకే దారి తిరుగులేనిది: పొగాకును పూర్తిగా మానడం. తగ్గించడం చాలదు. రోజుకు ఒక్క బీడీ కూడా జబ్బును రగిలిస్తూనే ఉంటుంది. బీడీ మాని గుట్కా, ఖైనీ నమిలినా అంతే. నికోటిన్ బిళ్లలు, పట్టీలు కూడా మీకు పనికిరావు. నికోటిన్ లేని మందులున్నాయి, అడగండి. అడ్డు చిన్న ధమనుల్లో ఉంటుంది కాబట్టి బైపాస్ చేయడానికి కింద పట్టుకోవలసిన నాళం చాలాసార్లు దొరకదు. అందుకే మానేయడం తప్ప మా చేతిలో పెద్ద ఆయుధం లేదని ఒప్పుకోవాలి. పూర్తిగా మానినవారిలో కాలు పోవడం అరుదు. మీ ఊరి చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుట్టి సంసారం నడుపుతున్నారని నాకు తెలుసు. బీడీ ఇంట్లోనే ఉన్నప్పుడు మానడం ఎంత కష్టమో కూడా తెలుసు. ఆ కట్టలు ఉన్న గదిలో కొన్నాళ్లు పడుకోకండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. గుంటూరులో ఉన్న మా నాన్నగారికి (70 ఏళ్లు) ఆరోగ్య పరీక్షల్లో ఏబీఐ కుడివైపు 0.72, ఎడమవైపు 0.85 వచ్చింది. ఆయనకు నొప్పేమీ లేదు, అయితే ఎక్కువ నడవరు. వెంటనే స్టెంటు వేయించుకోమని ఒకరు, ఏమీ అక్కర్లేదని ఇంకొకరు అన్నారు. దూరాన ఉన్న నాకు ఏం చేయాలో తోచడం లేదు. – ఒక పాఠకుడు

జవాబు: ఇద్దరి మాటా నాకు సగమే నచ్చింది. నొప్పి లేని, పుండు లేని కాలికి అంకె చూసి స్టెంటు వేయరు. వేసిన స్టెంటు మూసుకుపోతే ఇప్పుడున్న స్థితి కంటే దిగజారే ప్రమాదం ఉంది. మోకాలి కింద మరీ జాగ్రత్తగా ఉండాలి. అయితే "ఏమీ అక్కర్లేదు" అన్నది అంతకంటే ప్రమాదకరం. నాన్నగారికి నొప్పి లేకపోవడం ఆయన ఎక్కువ నడవకపోవడం వల్ల కూడా కావచ్చు. పాలకేంద్రం దాకా వెళ్లనివారికి అక్కడ పిక్క పట్టేస్తుందని ఎలా తెలుస్తుంది?

కాలి ధమని సన్నబడిన మనిషికి అసలు గండం కాలికి కాదు, గుండెకు, మెదడుకు. నడిస్తే మాత్రమే నొప్పి వచ్చేవారిలో ఐదేళ్లలో కాలు తీయవలసి వచ్చేది నూటికి ఐదుగురి కంటే తక్కువ. గుండెపోటో పక్షవాతమో వచ్చేవారు దానికి ఎన్నో రెట్లు. ఏబీఐ 0.72 అంటే ఒంట్లో మిగతా చోట్ల కూడా ధమనులు ఇలాగే ఉండవచ్చని కాలు ముందుగా పంపిన ఉత్తరమని అనుకోండి. కాబట్టి కొలెస్ట్రాల్ ఎంత ఉన్నా స్టాటిన్ మాత్ర ఇచ్చి చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్‌ను 70 కంటే కిందికి తేవడం, రక్తపోటును, షుగరును అదుపులో పెట్టడం, పొగ అలవాటు ఉంటే మాన్పించడం తక్షణం మొదలుకావాలి. ఆస్పిరిన్ గాని క్లోపిడోగ్రెల్ గాని ఇవ్వాలా అన్నది ఆయన కడుపు పుండ్లు, రక్తస్రావం చరిత్ర చూసి డాక్టరు నిర్ణయించాలి. రక్తం పలుచన చేసే మాత్ర కదా అని ఫోనులో చెప్పి కొనిపించవద్దు. నడక దూరం పెంచే సిలోస్టజాల్ అనే మాత్రను కూడా బంధువులు ఒకరికొకరు సిఫారసు చేసుకోవడం చూస్తుంటాను. గుండె పంపింగ్ తగ్గినవారికి దానిని అసలు ఇవ్వకూడదు. ఎకో పరీక్ష చూడకుండా మొదలుపెట్టవద్దు.

మీరు దూరం నుంచి చేయగలిగిన పని ఒకటుంది. వారానికోసారి వీడియో కాల్‌లో నాన్నగారి ముఖంతో పాటు ఆయన అరికాళ్లు, వేళ్ల సందులు కూడా చూపించమనండి.

ప్రశ్న: నాకు 45 ఏళ్లు. విజయవాడలో చీరల దుకాణంలో పనిచేస్తాను, రోజంతా నిలబడే ఉండాలి. పిక్కల మీద నరాలు మెలికలు తిరిగి ఉబ్బాయి. సాయంత్రానికి కాళ్లు బరువెక్కి వాస్తాయి, పడుకుంటే తగ్గుతుంది. మందుల షాపులో బిగుతు మేజోళ్లు ఇచ్చారు. ఇదీ రక్తప్రసరణ జబ్బేనా? – ఒక పాఠకురాలు

జవాబు: ఇదీ ప్రసరణ జబ్బే, దారి మాత్రం వేరు. మీ ధమనులు రక్తాన్ని బాగానే దించుతున్నాయి. దాన్ని పైకి పంపవలసిన సిరల్లోని కవాటాలు వదులై రక్తం కిందనే నిలిచిపోతోంది. నిలబడితే ఎక్కువై, కాళ్లు ఎత్తుకుని పడుకుంటే తగ్గే బరువు సిరలది. పడుకుంటే ఎక్కువై, వేలాడేస్తే తగ్గే నొప్పి ధమనిది. పుండు పడినా సిరల పుండు లోపలి చీలమండ పైన, చుట్టూ నల్లబారిన చర్మం మధ్య వస్తుంది. ధమని పుండు వేళ్ల కొసన, మడమ దగ్గర వస్తుంది.

మేజోళ్లు మీకు మేలు చేసేవే. అయితే వాటిని మందుల షాపు సలహాతో వేసుకోవడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ధమని సన్నబడిన కాలికి అదే మేజోడు వేస్తే వచ్చే కొద్దిపాటి రక్తాన్ని కూడా పిండేసి చర్మం చచ్చిపోయేలా చేస్తుంది. పాదంలో నాడి చూసి, అవసరమైతే ఏబీఐ చేసి, కొలత తీసి ఇచ్చినవే వేసుకోండి. పొద్దున మంచం దిగకముందే తొడిగి రాత్రి తీసేయాలి. కొట్లో గిరాకీ లేనప్పుడు మునివేళ్ల మీద లేచి దిగుతూ ఉండండి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పెట్టి వెచ్చగా ఉంటే అది లోతు సిరలో గడ్డ కావచ్చు. ఆ రోజే డాప్లర్ చేయించాలి, ఆ కాలికి మాలిష్ చేయకూడదు.

ప్రశ్న: మా తాతగారికి గుండె లయ తప్పే జబ్బు ఉండేది. ఒక రాత్రి పదింటికి ఉన్నట్టుండి కాలు చల్లబడి, తెల్లగా అయి, భరించలేని నొప్పి వచ్చింది. దగ్గరి ఆసుపత్రిలో నొప్పి ఇంజెక్షన్ చేసి పొద్దున రమ్మన్నారు. మర్నాడు మధ్యాహ్నం పట్నం చేరేసరికి కాలు దక్కదన్నారు. ముందే వెళ్లి ఉంటే ఫలితం ఉండేదా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఉండేదనే అనుకుంటున్నాను, మిమ్మల్ని బాధపెట్టడానికి కాదు, ఇది చదివే ఇంకో ఇంటివాళ్ల కోసం చెబుతున్నాను. లయ తప్పిన గుండెలో కట్టిన గడ్డ ఒకటి జారి కాలి ధమనిలో ఇరుక్కుంటే, ఏళ్ల తరబడి మెల్లగా పూడుకున్న కాలికి ఉండే పక్కదారులు ఆ కాలికి ఉండవు. కండరం, నరం దాదాపు ఆరు గంటలకు మించి తట్టుకోలేవు. హఠాత్తుగా నొప్పి, పాలిపోవడం, చల్లదనం, నాడి లేకపోవడం, తిమ్మిరి, వేళ్లు కదలకపోవడం – ఇవి ఈ వరుసలో తీవ్రమవుతాయి. చివరి రెండూ కనిపిస్తే సమయం అయిపోతున్నట్టు. 1963లో థామస్ ఫోగార్టీ అనే అమెరికా వైద్యుడు ప్రకటించిన, కొసన చిన్న బెలూను ఉన్న సన్నని గొట్టంతో గజ్జ దగ్గర చిన్న కోత పెట్టి గడ్డను బయటకు లాగేయవచ్చు. గంటలోపు పూర్తయ్యే సందర్భాలూ ఉన్నాయి.

108కి గాని ఆసుపత్రికి గాని ఫోన్ చేసినప్పుడు "కాలు నొప్పి" అని చెప్పకండి. "కాలికి ఉన్నట్టుండి రక్తం ఆగిపోయింది, చల్లబడింది, ఇన్ని గంటలకు మొదలైంది" అని చెప్పండి. వ్యాస్కులర్ సర్జన్ ఉన్న ఆసుపత్రి ఏదో అడిగి నేరుగా అక్కడికే వెళ్లండి. హైదరాబాదులోని నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. దారిలో కాలికి వేడి కాపడం పెట్టవద్దు, ఎత్తు మీద పెట్టవద్దు.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు, పదేళ్లుగా షుగరు. ఈ పౌర్ణమికి అరుణాచలంలో గిరిప్రదక్షిణ మొక్కుకున్నాను. చెప్పులు లేకుండా 14 కిలోమీటర్లు నడవవచ్చా? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మొక్కు గురించి నేను చెప్పేదేమీ లేదమ్మా, పాదం గురించి చెబుతాను. వెళ్లేముందు డాక్టరు దగ్గర రెండు పరీక్షలు చేయించుకోండి: నాడి తగులుతోందా, సన్నటి నైలాన్ తీగతో అరికాలిలో గుచ్చినట్టు తాకితే తెలుస్తోందా. రెండూ బాగుంటే రాత్రి చల్లబడ్డాక, మీ వేగంతో నడవండి. నాడి లేకపోయినా, స్పర్శ లేకపోయినా చెప్పులు లేకుండా వద్దు. మధ్యాహ్నపు తారు రోడ్డు మీదైతే అసలే వద్దు. అలిపిరి మెట్లెక్కి వచ్చి, పాదం కాలిందని మూడో రోజు మేజోడుకు అంటుకున్న చీము చూసి తెలుసుకున్నవారు నా దగ్గరికి వచ్చారు. గుడ్డ మేజోళ్లతో నడిచినా ప్రదక్షిణే కదా, మీ ఇంటి పురోహితుడిని ఒకసారి అడిగి చూడండి. తిరిగి వచ్చిన రాత్రి పాదాలు గోరువెచ్చని నీళ్లతో కడిగి, నీళ్ల వేడిని మోచేతితో చూసుకుని, వేళ్ల సందులు తుడిచి, నేల మీద అద్దం పెట్టి దీపం వెలుగులో అరికాళ్లు రెండూ చూసుకోండి. బొబ్బ కనబడితే గిల్లవద్దు, చూపించండి.